మూటకెక్కని పాచి

డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాప్. రాయపూర్‌లో గూడ్సు పెట్టెలు బాగుచేసే రైల్వే కార్ఖానా అది. దాని పక్కన వెలిసిన క్వార్టర్ల పేటే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. దసరాకు ఇక్కడ జరిగే రావణదహనం చూడటానికి ఊరంతా కదిలివస్తుంది. రాయపూర్ రైల్వే పేటల్లో తెలుగు మాట వినిపించడం ఈనాటి సంగతి కాదు. 1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్‌కు దారి కలిపింది. రెండేళ్లకు, 1933 డిసెంబరులో, విశాఖ రేవుకు ప్రారంభోత్సవం జరిగింది. మధ్య భారతం సరుకును ఓడలకు చేర్చడానికి వేసిన ఆ పట్టాల మీదే ఉత్తరాంధ్ర జనం పని వెతుక్కుంటూ ఎదురు దిక్కుకు ప్రయాణం కట్టారు.

వాళ్లతోపాటు వంటిల్లూ వెళ్లింది. చింతపండు, ఎండుమిర్చి, ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు. సముద్రానికి అంత దూరాన ఉన్న ఊళ్లో ఉప్పునీటి రుచి అలాంటి మూటల్లోంచే రావాలి. ఉత్తరాంధ్ర తీరంలో రాళ్లను పట్టుకుని పెరిగే పాచి మాత్రం ఏ మూటకూ ఎక్కలేదు. జపాన్‌లో అది చారులోకి, అన్నంలోకి, సలాడ్‌లోకి వెళ్తుంది. మనవాళ్లకు కాలు జారే చోటు, అంతే.

అలాగని ఆ పాచి గురించి తెలిసినవాళ్లు మనలో లేరా అంటే, ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ రాతి తీరాన్ని శ్రద్ధగా చదివారు. అలలు తగిలే రాతి మీద ఏ ఎత్తులో ఏ నాచు నిలుస్తుంది, ఏ కాలంలో వచ్చి ఏ కాలంలో పోతుంది అని పరిశీలించి రాసిన వాళ్ల పరిశోధన 1964లో ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’లో వచ్చింది. ఆకుపచ్చ అల్వా, గోధుమరంగు సర్గాసమ్, అగార్‌కు పనికొచ్చే గ్రాసిలేరియా, జపాన్ వారు తినే ‘నోరి’ అనే నాచుకు దగ్గరి చుట్టమైన పోర్ఫిరా, అన్నీ విశాఖ రాళ్ల మీద ఉన్నవే. 1970లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రచురణగా ఉమామహేశ్వరరావు భారతదేశపు ఆర్థిక ప్రయోజనమున్న సముద్ర నాచుల మీద ఒక పుస్తకమే రాశారు. ఇంత చదువు మన ఒడ్డునే జరిగి, దాని వాసన మన పొయ్యి దాకా రాకపోవడం నిజంగా లోటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అదే విశాఖ రేవుకు జపాన్ చాలా దగ్గరైంది. బైలదిలా కొండ ఇనుప ఖనిజం ఏడాదికి 40 లక్షల టన్నుల చొప్పున అమ్మేందుకు 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. దానికోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలను తొలిచి రైలుమార్గం వేశారు. ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న ఆ కొండ వ్యాగన్లలో దిగి, విశాఖలో ఓడెక్కి, జపాన్ కొలిమికి చేరింది. ఖనిజం వెళ్లింది గానీ అక్కడి తిండి ఇటు రాలేదు. జపాన్ నుంచి వచ్చిన నాచు కూడా తినడానికి రాలేదు: 1984లో భావ్‌నగర్‌లోని కేంద్ర సంస్థ తెప్పించిన కప్పాఫైకస్ అది. తర్వాత తమిళనాడులోని మండపం తీరంలో మత్స్యకార మహిళలకు అదే పంటైంది. అందులోంచి తీసే జిగురు ఐస్‌క్రీముల్లోకి వెళ్తుంది.

జపాన్‌లో నాచు తినే అలవాటు ఎంత పాతదంటే, 701 నాటి తైహో చట్టంలో పన్నుగా కట్టాల్సిన వస్తువుల్లో సముద్రపు నాచులూ ఉన్నాయి. అయినా నోరి ఎలా పుడుతుందో వాళ్లకు వెయ్యేళ్లు గడిచినా తెలియలేదు. సముద్రంలో కర్రలు పాతి, పట్టిందే దక్కిందనుకునేవారు. 1940ల చివర పంట దారుణంగా పడిపోయింది. దారి చూపింది మాంచెస్టర్‌లోని శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ-బేకర్. పెళ్లయిన స్త్రీలకు ఉద్యోగం ఇవ్వని నిబంధనతో విశ్వవిద్యాలయ కొలువు పోగొట్టుకున్నా, ఆమె పరిశోధన మానలేదు. పోర్ఫిరా సిద్ధబీజాలు ఆల్చిప్ప గుల్లలోకి తొలుచుకుపోయి, గులాబీ రంగు సన్నటి పోగులుగా బతుకుతాయని 1949లో ‘నేచర్’లో రాశారు. అంతవరకూ ఆ పోగులను వేరే జాతి అనుకునేవారు. ఆ ఆధారంతో జపాన్ పరిశోధకులు గుల్లల్లోనే నారు పోయడం నేర్చారు. జపాన్ గడ్డ మీద ఒక్కసారైనా కాలు పెట్టకుండానే ఆమె 1957లో కన్నుమూశారు. 1963లో జపాన్‌లోని ఉతో పట్టణంలో ఆమెకు స్మారకం నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమెను స్మరించుకుంటారు.

జపాన్ వారు సలాడ్‌లో వేసేది నోరి కాదు, ‘వకమే’ అనే మరో నాచు. సముద్రంలో ఉన్నప్పుడు అది ముదురు గోధుమ రంగు. మరిగే నీళ్లలో ముంచగానే క్షణాల్లో పచ్చబడుతుంది, ఎందుకంటే ఆకులోని పత్రహరితాన్ని కప్పి ఉంచే గోధుమ వర్ణకం పట్టు వేడికి సడలుతుంది. ఆ పని రేవుల్లోనే ముగించి, ఆరబెట్టి పంపుతారు కాబట్టి మనకు పొయ్యితో పని లేదు.

ఈ సలాడ్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో చేసుకోవాలన్నా కష్టమేమీ లేదు. ఆన్‌లైన్లో తెప్పించిన ఎండు వకమే నలుగురికి 10 గ్రాములు చాలు. చూడటానికి గుప్పెడు టీ పొడిలా ఉంటుంది, చన్నీళ్లలో ఐదారు నిమిషాలు నానేసరికి గిన్నె నిండుతుంది. ఎక్కువసేపు ఉంచితే జిగురొస్తుంది. రెండు కీరదోసకాయలు పల్చగా చక్రాల్లా తరిగి, ఉప్పు రాసి పది నిమిషాలాగి, గట్టిగా పిండాలి. మూడు చెంచాల వెనిగర్, చెంచా సోయా సాస్, చెంచా పంచదార కలిపి రెంటి మీదా పోసి, పైన వేయించిన నువ్వులు చల్లాలి. నువ్వుల నూనె వేసేవారు గానుగ నూనె నాలుగు చుక్కలతో ఆపితే మంచిది. సముద్రపు నాచుల్లో అయోడిన్ ఎక్కువ కనుక థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవారు వైద్యుణ్ని అడిగి తినాలి.

హోటళ్లలో దొరికే మెరిసే ఆకుపచ్చ సలాడ్ వేరు. అందులో వకమే కాడలతోపాటు అగార్ పీచులూ వేస్తారు. ఆ అగార్ కూడా సముద్రపు నాచులోంచి తీసిందే. మన ఇళ్లలో పుడ్డింగుకు కొనే చైనా గ్రాస్ అదే. పీచులుగా దొరికితే చన్నీళ్లలో నానబెట్టి, పిండి, వకమేతో కలపాలి. మరిగే నీళ్లలో వేస్తే మాత్రం కరిగిపోతుంది.