పాటకు కాపలా: నల్లగొండ, పాలమూరు సాహిత్యంలో కర్తృత్వ సమస్య

మా బడి వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి 'పల్లెటూరి పిల్లగాడా' పాట పాడింది. బాగా పాడింది. పాటకు ముందు వ్యాఖ్యాత, ఆయనా ఉపాధ్యాయుడే, 'ఇప్పుడొక జానపద గీతం' అని ప్రకటించాడు. సభ అయిపోయాక ఆ అమ్మాయిని ఈ పాట ఎక్కడిదని అడిగాను. ఫోనులో దొరికిందంది. చూపించమంటే చూపించింది. పాట మొత్తం ఉంది, రాసినవాడి పేరు మాత్రం లేదు. సుద్దాల హనుమంతు నల్లగొండ జిల్లావాడు. మా బడి ఉన్నదీ నల్లగొండ జిల్లాలోనే. సొంత జిల్లాలోనే, ఆయన మరణించిన నాలుగు దశాబ్దాలకే, ఆయన పాట 'జానపదం' అయిపోయింది.

ఇది గౌరవమని వాదించేవాళ్లున్నారు. పాట ప్రజల పరం కావడం కంటె కవికి కావలసిందేమిటని వాళ్ల ప్రశ్న. అభ్యుదయ సాహిత్యకారులమైన మనకు ఈ వాదం పైకి ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. అయితే సాహిత్యంలో 'తీసుకోవడం' అన్నిచోట్లా ఒకే పని కాదు. కూలి మనిషి నాట్లేస్తూ ఒక పాటను తీసుకుని తన చరణం కలుపుతుంది. సొమ్మున్నవాడు అదే పాటను తీసుకుని పేరు చెరిపి అమ్ముకుంటాడు. రెండింటినీ ఒకే మాటతో కొలవడం చారిత్రక దృష్టి కాదు. మన దక్షిణ తెలంగాణ సాహిత్య చరిత్రే ఈ తేడాను విప్పి చూపిస్తుంది.

పాలమూరు నుంచి మొదలుపెడదాం. కాకతీయుల సామంతులైన గోన వంశంవారు 13వ శతాబ్దిలో వర్ధమానపురాన్ని ఏలారు. ఇప్పటి నాగర్‌కర్నూల్ ప్రాంతపు నందివడ్డెమానే ఆనాటి వర్ధమానపురం. ఆ వంశంవాడైన గోన బుద్ధారెడ్డి ద్విపదలో రామాయణం రాశాడు. తండ్రి విఠ్ఠలుని కోరికపై, ఆయన పేరుమీదనే రాస్తున్నానని గ్రంథంలోనే చెప్పుకున్నాడు. ఉత్తరకాండను అతని కుమారులు కాచవిభుడు, విఠ్ఠలరాజు పూరించారు. ఇంత స్పష్టంగా ఉన్నా లోకం దాన్ని పిలిచింది 'రంగనాథ రామాయణం' అని. రంగనాథుడనే కవి ఒకడున్నాడనీ, అసలు రాసింది అతడేననీ కొందరు పండితులు వాదించారు. విఠ్ఠలుడన్నా రంగనాథుడన్నా ఒకే దేవుడు కనుక తండ్రి పేరే అలా మారిందని మరికొందరు సమాధానం చెప్పారు. పరిశోధకుల సిరా చాలా ఖర్చయింది.

ఈ వివాదంలో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. గ్రంథస్థమైన సాక్ష్యం ఉన్నంతవరకు బుద్ధారెడ్డి వైపే నా మొగ్గు. నన్ను ఆపేది మరో సంగతి. ఇక్కడ పాలకుడే కవి. తన పేరును తానే, తన ఇష్టంతో, తండ్రికి ధారపోశాడు. పేరు వదులుకునే స్తోమత అతనికుంది. వదులుకున్నా రాజ్యం పోదు, చరిత్రలో చోటూ పోదు. పేరు తప్ప మరేమీ లేనివాడి దగ్గర ఆ పేరు కూడా పోతే ఏం మిగులుతుందన్న ప్రశ్న ఈ వివాదం నడిపిన పండితులెవరికీ తట్టినట్టు లేదు.

నల్లగొండ వైపు రాచకొండ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. పద్మనాయక ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుని పేర 'రసార్ణవసుధాకరం' అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం ప్రసిద్ధం. ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వరుడు ప్రభువును పొగుడుతూ 'చమత్కారచంద్రిక' రాశాడు. రసార్ణవసుధాకరాన్ని కూడా నిజంగా రాసింది విశ్వేశ్వరుడేనేమోనని కొందరు అనుమానించారు. రుజువైన మాట కాదు, కనుక రుజువైనట్టు మనం చెప్పకూడదు. కాని ఇలాంటి అనుమానం రాజకవుల విషయంలోనే ఎందుకు పదేపదే తలెత్తుతుంది? 'ఆముక్తమాల్యద' పెద్దన రాసిందన్న వాదమూ మనకు తెలిసిందే. అన్నం పెట్టేవాడిది, తాటాకు కొనిచ్చేవాడిది, లేఖకుణ్ణి పోషించేవాడిది పైచేయి అయినప్పుడు రాతకూడా అతనిదే కావడానికి వీలుంటుంది. ఆ వీలే అనుమానానికి తల్లి. భూస్వామ్య వ్యవస్థలో పంటకు ఏ సూత్రమో పద్యానికీ అదే సూత్రం.

మరి కవులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. మన ప్రబంధాల అవతారికలు, ఆశ్వాసాంత గద్యలు అలంకారాలని పాఠం చెప్పి వదిలేస్తాం. నిజానికవి తాళాలు. తండ్రి పేరు, గోత్రం, గురువు పేరు, బిరుదు అన్నీ కలిపి ప్రతి ఆశ్వాసం చివరా గొళ్లెం వేసినట్టు వేస్తాడు కవి. భాగవతాన్ని చూడండి. పోతనది కాని పంచమ స్కంధానికి గంగన పేరు, షష్ఠ స్కంధానికి ఏర్చూరి సింగన పేరు, ఏకాదశ ద్వాదశాలకు వెలిగందల నారయ పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నాయంటే ఆ గద్యల చలవే. మహాకవి గ్రంథంలో అతుకు వేసినవాళ్లు అతుకును దాచుకోలేదు, తమ పేరుతో చూపించారు. దీనికి పేరు సాహిత్య నిజాయితీ.

శతకానికి మకుటం, కీర్తనకు ముద్ర ఇలాంటి కాపలాలే. పాలమూరు పక్కనున్న మన్యంకొండ కొండమీద కీర్తనలు కట్టిన హనుమద్దాసు వంటి వాగ్గేయకారుల పరంపరలో ముద్ర అంటే భక్తి చిహ్నమే కాదు, చిరునామా కూడా. ఇందులో ఒక సాంకేతిక రహస్యం ఉంది, విద్యార్థులు గమనించాలి. పేరును పాట చివర వేలాడదీస్తే కత్తిరించడం తేలిక. యతిస్థానంలోనో ప్రాసస్థానంలోనో పొదిగితే ఆ పేరు తీసి మరో పేరు పెట్టగానే పద్యం కుంటుతుంది. దొంగ కూడా ఛందస్సు తెలిసినవాడైతే తప్ప పని జరగదు. ఛందస్సు తెలిసినవాళ్లలో దొంగలు లేరని కాదు! 10వ శతాబ్దిలోనే రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో హరణానికి ఏకంగా అధ్యాయాలు కేటాయించాడు. ఉన్నది ఉన్నట్టు దించితే ప్రతిబింబకల్పం, కొద్దిగా రంగు మార్చితే ఆలేఖ్యప్రఖ్యం, పోలిక మాత్రమే ఉంటే తుల్యదేహితుల్యం, మూలం ఒకటే అయినా శరీరమే వేరైతే పరపురప్రవేశసదృశం అని అర్థహరణాన్ని విభజించాడు. మొదటిది ఈసడించదగినదని, చివరివి కవికి చెల్లుతాయని ఆయన ధోరణి. వెయ్యేళ్ల తర్వాత కూడా ఇంతకంటె చక్కని గీటురాయి మన విమర్శకుల చేతిలో లేదు.

ఆధునిక యుగంలో ఈ పేరు సమస్య వ్యక్తి స్థాయి దాటి ప్రాంతం స్థాయికి ఎదిగింది. తెలంగాణలో కవులే లేరని ముడుంబ వెంకట రాఘవాచార్యులు అన్న మాటకు సమాధానంగా, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. 354 మంది కవులు. కవితా ప్రమాణం దృష్ట్యా అందులో అంతా మేలిమి కాదు, కాదని సురవరం వారికీ తెలిసే ఉంటుంది. కాని అది కవితాసంకలనం కంటె ముందు పేర్ల జాబితా. మేమున్నామని చేసిన సంతకం. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక నడపడం, 1926లో 'గోలకొండ' పుట్టడం లేకుంటే ఆ సంతకానికి కాగితం దొరికేది కాదు.

అసలు చిక్కు సాయుధ పోరాటం దగ్గర వస్తుంది. ఇంతవరకు పేరు కవికి రక్ష. 1940ల నల్లగొండలో పేరు కవికి ఉరి. వెట్టిచాకిరీ మీద, దొర మీద, నిజాం మీద పాట కట్టినవాడు దానికింద సంతకం చేస్తే అది పోలీసు చేతికి దొరికే సాక్ష్యం. కనుక పాట పేరు విప్పుకుని ఊరు దాటింది. సుద్దాల హనుమంతు ఆంధ్ర మహాసభ కార్యకర్తగా గొల్లసుద్దుల బాణీని, బుర్రకథను, ఫకీరు పాటల వరుసను తీసుకున్నారు. ఆ బాణీలు ఆయన సొంతం కావు, గొల్లలవి, ఫకీరులవి. ఇది చౌర్యమా? రాజశేఖరుడి లెక్కలో కూడా కాదు. మూలం ఉమ్మడి సొత్తు, శరీరం కొత్తది, ప్రయోజనం మరీ కొత్తది. తీసుకున్నదాన్ని ఆయన మళ్లీ వాళ్లకే, వాళ్ల విముక్తికే ఇచ్చారు. నేను మొదట చెప్పిన తేడా ఇదే.

పోరాటం 1951లో విరమించాక ప్రమాదం తొలగింది, పేరు మాత్రం తిరిగి రాలేదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో 1979లో తయారైన 'మా భూమి' చిత్రం ఆ పాటలను కొత్త తరానికి చేర్చింది. ఈ మేలు కాదనలేం. హనుమంతు పాట, బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' ఆ సినిమాతోనే రాష్ట్రమంతా పాకాయి. అదే సమయంలో ఒక విచిత్రం జరిగింది. యాదగిరి పాటను తెరమీద గద్దర్ పాడారు. ఆ గొంతు బలం ఎంతటిదంటే ఇవాళ వందమందిని అడిగితే చాలామంది అది గద్దర్ పాటే అంటారు. ఇందులో గద్దర్ చేసిన తప్పేమీ లేదు. రచయిత పేరు మీద గాయకుడి పేరు, దానిమీద సినిమా పేరు, దానిమీద క్యాసెట్టు కంపెనీ పేరు పొరలు పొరలుగా పడిపోవడం మార్కెట్టు స్వభావం. అట్టడుగు పొర ఎప్పుడూ శ్రమ చేసినవాడిదే.

చట్టం ఉంది కదా అంటారు. 1957 కాపీహక్కు చట్టం ప్రకారం రచన పుట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 1953లో మరణించిన సురవరం వారి రచనలు 2013 చివరితో అందరివీ అయిపోయాయి. 1982లో మరణించిన హనుమంతు పాటలకు 2042 చివరిదాకా రక్షణ ఉంది. మన వాళ్లకు అంతగా తెలియనిది 57వ సెక్షను. కాపీహక్కును అమ్ముకున్నా సరే, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు మిగులుతాయి. ఆస్తి వేరు, పేరు వేరు అని చట్టమే ఒప్పుకుంది. అయితే 'జానపదం' అన్న ముద్ర ఒక్కటి పడితే చాలు, ఈ సెక్షన్లన్నీ నిద్రపోతాయి. కర్త తెలియనిచోట హక్కుదారు ఎవరు? పాటను ఉచితంగా ఎత్తుకుపోదలచినవాడికి ఆ మాటను మించిన సౌకర్యం లేదు.

ఇప్పుడు ఎత్తుకుపోయేది మనిషి కూడా కాదు. మరయంత్రాలు రాత్రింబవళ్లు తిరిగి అక్షరమన్నదల్లా ఊడ్చుకుపోతున్నాయి. వాటిని ఆపడానికి 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన 'రోబోట్స్ టెక్స్ట్' పద్ధతి ఒకటుంది. గుమ్మానికి 'లోపలికి రావద్దు' అని రాసిన పలక అది, తలుపు కాదు. మర్యాదస్తుడు చదివి వెనుదిరుగుతాడు, దొంగ చదవనే చదవడు. 2012 సవరణలో 65ఏ సెక్షను చేర్చి, హక్కులకు భంగం కలిగించాలని సాంకేతిక రక్షణలను ఛేదించేవారికి రెండేళ్ల దాకా జైలు అన్నారు. పలకను లెక్కచేయకపోవడం తాళం పగలగొట్టడం కిందికి వస్తుందా అన్నది న్యాయవాదులు తేల్చాలి. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్ ఏఐ కంపెనీ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వార్తాసంస్థకు వకీళ్లున్నారు. గొల్లసుద్దులు చెప్పేవాడి తరఫున వకాల్తా ఎవరు వేస్తారు?

యంత్రం చేసేది రాజశేఖరుడి నాలుగింటిలో ఏది? ఒక్కోసారి ప్రతిబింబకల్పం, ఎక్కువసార్లు ఆలేఖ్యప్రఖ్యం. పరపురప్రవేశానికి కావలసిన కొత్త ప్రాణం దానికి లేదు. గొల్లల బాణీ తీసుకున్న హనుమంతు ఆ గొల్లల మధ్యే నిలబడి పాడారు, దెబ్బలకు సిద్ధపడి పాడారు. తీసుకున్నదానికి ఆయన కట్టిన మూల్యం అది. యంత్రం ఏ మూల్యమూ కట్టదు, ఏ ఊరికీ జవాబు చెప్పదు. పాలమూరు కవి గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటకు ఇంకా పేరు నిలిచి ఉందంటే కవి మన మధ్య ఉన్నాడు కనుక, సభల్లో తానే పాడుతున్నాడు కనుక. తర్వాతి తరానికి ఆ సదుపాయం ఉండదు.

వార్షికోత్సవం మర్నాడు ఎనిమిదో తరగతికి వెళ్లి నల్లబల్ల మీద మూడు మాటలు రాశాను: రచన, సుద్దాల హనుమంతు. పాడిన అమ్మాయి లేచి, 'ఆయనది మన జిల్లానా సార్?' అని అడిగింది. 2016లో జిల్లాలు విడగొట్టాక సుద్దాల మన జిల్లాలో లేదనీ, యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లిందనీ చెప్పాల్సి వచ్చింది. 'అయితే సార్, నోటుబుక్కులో ఏ జిల్లా అని రాయాలె?' అంది. పాత జిల్లా పేరే రాయమన్నాను.