పట్టిక భయం, చికిత్స దూరం: తెలంగాణలో ట్రాన్స్‌జెండర్ మహిళలు – హెచ్‌ఐవీ – చట్టచరిత్ర

కీలకపదాలు: కళంకం, మానసిక ఒత్తిడి, హిజ్రాలు, హెచ్‌ఐవీ, నిజాం రాజ్యం, కాగజ్‌నగర్

1. ఉపోద్ఘాతం:
హెచ్‌ఐవీతో జీవిస్తున్న ట్రాన్స్‌జెండర్ మహిళల ఆరోగ్యాన్ని వైరస్ ఒక్కటే నిర్ణయించదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2014-15లో జరిపిన సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వర్గాలలో హెచ్‌ఐవీ వ్యాప్తి 7.5 శాతంగా తేలింది. 2015లో దేశంలోని వయోజనులలో అది 0.26 శాతమని అంచనా. ఇంతటి అంతరాన్ని వ్యక్తుల ప్రవర్తనతోనే వివరించలేము. ఈ వర్గాన్ని రాజ్యం ఏ దృష్టితో చూసిందో తెలిపే చట్టచరిత్రను కూడా పరిశీలించవలసి ఉంది.

2. చట్టం వేసిన ముద్ర:
బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం హిజ్రాల పేర్లను పోలీసు పట్టికలో నమోదు చేయించింది. నిజాం రాజ్యంలో ఫస్లీ 1329 (క్రీ.శ. 1919) నాటి నపుంసకుల చట్టం అదే బాటలో నడిచింది. బాలురను అపహరిస్తారన్న అనుమానం ఆధారంగా పేర్లు, నివాసాలు నమోదు చేయడం, స్త్రీవేషంతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా నిర్బంధించడం అందులోని ముఖ్యాంశాలు. రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలుండేది. అంటే నేరం చేయడం కాదు, కనిపించడమే నేరం. నిజాం పాలన ముగిసినా చట్టం మిగిలింది. వైజయంతి వసంత మొగిలి తదితరుల వ్యాజ్యంపై 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పు ద్వారా మూడవ లింగాన్ని గుర్తించిన తరువాత కూడా తొమ్మిదేళ్లు ఆ శాసనం పుస్తకాలలో నిలిచింది.

3. ఒత్తిడి దేహంపై చూపే ప్రభావం:
కళంకాన్ని 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ సామాజిక సంబంధంగా విశ్లేషించాడు. ఇలాన్ మేయర్ 2003లో వివరించిన అల్పసంఖ్యాక ఒత్తిడి సిద్ధాంతం దానిని ఆరోగ్యంతో ముడిపెట్టింది. దీని ప్రకారం బయటినుంచి ఎదురయ్యే వివక్ష, దానికై ఎదురుచూసే భయం, తనను తాను దాచుకోవడం, ఆత్మన్యూనత ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. దీర్ఘకాల ఒత్తిడి కార్టిసాల్ వంటి హార్మోన్ల ద్వారా రోగనిరోధక వ్యవస్థను ప్రభావితం చేస్తుంది. స్వలింగ ధోరణిని దాచుకున్న పురుషులలో హెచ్‌ఐవీ వేగంగా ముదిరిందని స్టీవ్ కోల్ బృందం 1996లో గుర్తించింది. అది నేటి సమర్థ చికిత్సకు ముందరి కాలపు అధ్యయనం, మరొక వర్గానికి సంబంధించినది. అందుచేత దానిని యథాతథంగా అన్వయించరాదు. నేడు ప్రధాన నష్టం ప్రవర్తన మార్గంలో జరుగుతుంది. పరీక్షను వాయిదా వేయడం, మందులు దాచుకోవడం, మోతాదులు తప్పడం వల్ల వైరస్ అదుపు తప్పుతుంది.

4. కాగజ్‌నగర్ నేపథ్యం:
నిజాం కాలపు సిర్పూర్ కాగితపు మిల్లు చుట్టూ ఎదిగిన కాగజ్‌నగర్, కాజీపేట–బల్హార్షా రైలుమార్గంపై ఉన్న పట్టణం. 2014లో ఆగిన మిల్లు 2018లో తిరిగి మొదలైంది. వేతనజీవుల చేతిలో డబ్బు ఆడనప్పుడు బజారు దానాలపై బతికేవారి రాబడి తగ్గడం సహజం. మహానగరంలో దొరికే అజ్ఞాతం చిన్న పట్టణంలో దొరకదు. ఆసుపత్రి వరుసలో నిలబడడమే అక్కడ రెండు రహస్యాలు బయటపడడం కావచ్చు: లింగ గుర్తింపు, రోగం. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నా, పేరు, చిరునామా రాయించుకునే ప్రక్రియ పాత పోలీసు పట్టికలను తలపిస్తే ఉచితమైన మందు కూడా అందనిదే అవుతుంది.

5. ముగింపు:
2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చి వివక్షను నిషేధించింది, రోగి వివరాల గోప్యతకు హామీ ఇచ్చింది. 2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో ప్రారంభమైన మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే సేవలందించారు. విదేశీ సహాయం నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో అది మూతపడింది. నమ్మకం కలిగించే సేవ సాధ్యమేనని, దానిని దాతల దయకు వదిలివేయరాదని ఈ ఉదంతం తెలుపుతుంది. శాసనాన్ని ఒక తీర్పు రద్దు చేయగలదు. అది నాటిన భయం పోవాలంటే జిల్లా ఆసుపత్రి రిజిస్టరు రక్షణ పత్రమని రోగికి అనుభవంలో తెలియాలి.