మెల్టన్ మోబ్రే: సంత నిలబెట్టిన ఊరు

మెల్టన్ మోబ్రే ఇంగ్లండు నడిభాగంలో, లెస్టర్‌షైర్‌లో ఉన్న చిన్న పట్టణం. అక్కడ మంగళవారం సంత. 1086లో విలియం రాజు దేశమంతటా భూములూ పశువులూ లెక్క రాయించినప్పుడే అది రికార్డుకెక్కింది. ఆ లెక్కల పుస్తకంలో లెస్టర్‌షైర్ మొత్తానికీ కనిపించే సంత ఇదొక్కటే. పేరు చివరి మోబ్రే, ఊరిని ఏలిన నార్మన్ దొరల ఇంటిపేరు.

ఆ కాలపు ఇంగ్లండులో సంత పెట్టాలంటే రాజు పట్టా ఉండాలి. పట్టా పుచ్చుకున్న దొర సుంకం వసూలు చేసుకునేవాడు. ఆదాయం రుచి తెలిశాక 13వ శతాబ్దంలో ఇలాంటి సంతలు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి. పాత సంతకు కొత్తది ఎంత ఎడంగా ఉండాలో నాటి న్యాయగ్రంథం ఒకటి లెక్క కట్టింది. మనిషి రోజుకు ఇరవై మైళ్లు నడుస్తాడు. పొద్దులో ఒక వంతు పోవడానికి, ఒక వంతు బేరానికి, ఒక వంతు చీకటిపడేలోపు ఇల్లు చేరడానికి. ఆ ప్రకారం రెండు సంతల మధ్య సుమారు 11 కిలోమీటర్లు ఉండాలి. గొర్రెలు తోలుకుని సంతకు నడిచిన మన అనంతపురం జిల్లా కుందుర్పి పెద్దలకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సంతల దూరానికే కాదు, కొలతకూ నియమం ఉండేది. 1215 నాటి మాగ్నా కార్టా రాజుకు కళ్లెం వేసిన పత్రంగా ప్రసిద్ధం. దేశమంతటా ధాన్యానికి ఒకే కొలత ఉండాలన్న షరతు కూడా అందులో ఉంది. రైతుకు నష్టం జరిగేది కొలత దగ్గరే కాబట్టి అది చిన్న షరతు కాదు.

మెల్టన్‌లో సరుకును బట్టి అమ్మే చోటు వేరు. వెన్నకు ఒక రాతి శిలువ, ధాన్యానికి ఒకటి, గొర్రెలకు ఒకటి. ఆయా శిలువల చుట్టూనే బేరాలు సాగేవి.

ఊరి చరిత్రలో అన్నిటికన్నా గొప్ప సంవత్సరం 1549. రాజ్యం మఠాలనూ మతసంఘాలనూ రద్దు చేసి వాటి ఆస్తులను ఖజానాలో కలుపుకుంటున్న రోజులవి. మెల్టన్ జనం చర్చి వెండి సామాను అమ్మేసి, ఆ సొమ్ముతో ఊరుమ్మడిగా భూములు కొన్నారు. ఆ రాబడి బడికీ దారులకూ వంతెనలకూ ఖర్చయింది. అలా ఏర్పడిన టౌన్ ఎస్టేట్ అనే సంస్థే వీధి సంతనూ పార్కులనూ నేటికీ నడుపుతోంది.

18వ శతాబ్దంలో కంచెలు వచ్చాయి. పార్లమెంటు చట్టాల బలంతో ఉమ్మడి పొలాలనూ మేత బీళ్లనూ సర్వే చేసి, పంచి, చుట్టూ ముళ్లకంచెలు పెంచారు. రెండు ఆవులు మేపుకునే పేదవాడికి మేత పోయింది, పెద్ద రైతుకు పచ్చిక దక్కింది. దున్నిన నేల గడ్డిభూమి అయ్యేసరికి పాలు పెరిగాయి. ఆ పాలతో స్టిల్టన్ అనే జున్ను చేశారు. జున్ను తీయగా మిగిలిన తేట నీళ్లు పందులకు పోశారు. ఆ మాంసంతో చేసిన ‘పై’ అనే వంటకానికి ఊరి పేరే వచ్చింది. 2009లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఆ పచ్చదనమంతా కుంభవృష్టి వల్ల వచ్చిందనుకోకూడదు. అనంతపురం జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లు. మెల్టన్ ప్రాంతంలో 600 పైచిలుకు, అంతే. అయితే అక్కడ అది పన్నెండు నెలలూ సన్నగా కురుస్తుంది, ఎండ నీటిని పీల్చేయదు. వేరుశనగ పూతకొచ్చినప్పుడు మొహం చాటేసే వాన కాదది.

2001లో గాలికుంటు వ్యాధి బ్రిటన్‌ను కుదిపేసింది. 60 లక్షలకు పైగా పశువులనూ గొర్రెలనూ చంపేశారు. దేశమంతటా పశువుల సంతలు మూతపడ్డాయి. తర్వాత తెరుచుకోనివి కొన్ని, ఊరి బయటికి తరలిపోయినవి మరికొన్ని. మెల్టన్ పశువుల సంత మాత్రం ఇప్పటికీ మంగళవారాల్లో ఊరి మధ్యనే జరుగుతోంది.

మన పల్లెల్లో వారపు సంత సుంకాన్ని పంచాయతీ వేలం వేస్తుంది. మెల్టన్ ఉమ్మడి రాబడి ఊరి పనులకే పోయినట్టు, ఆ సొమ్ములో కొంతైనా సంత మైదానంలో నీడకూ, తాగునీళ్లకూ, గొర్రెల తొట్టెలకూ పెట్టాలని కుందుర్పి వాళ్లు గ్రామసభలో పట్టుబట్టాలి.