చెట్టుపై హక్కు, ధరపై మాట: నూజివీడు మెట్టసీమ ఆర్థిక చరిత్రపై ఒక పరిశీలన

ఒక ప్రాంతం ఆర్థికంగా ఎదగడానికీ, అక్కడి ప్రజాస్వామ్యానికీ, సృజనశక్తికీ ఉన్న సంబంధం గురించి వచ్చిన వాదాల్లో మూడు విస్తృతంగా చర్చకు నిలిచాయి. ఇటలీ ప్రాంతీయ ప్రభుత్వాలను పరిశీలించిన రాబర్ట్ పట్నమ్ 1993లో, పౌరులు కలిసి పనిచేసే అలవాటు పాతుకున్న చోట పాలనా, ఆర్థిక స్థితీ మెరుగ్గా ఉన్నాయని వాదించారు. సృజనాత్మక వృత్తులవారు చేరిన నగరాలే ముందుకు పోతాయని 2002లో రిచర్డ్ ఫ్లోరిడా అన్నారు. 2005లో అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ భారతదేశపు జిల్లాల లెక్కలు తీశారు. బ్రిటిషు కాలంలో భూస్వామ్య పద్ధతి ఉన్న జిల్లాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా వ్యవసాయ పెట్టుబడుల్లో, దిగుబడుల్లో వెనకబడ్డాయని చూపారు.

ఈ మూడు వాదాలనూ ఒకేచోట పరీక్షించడానికి వీలున్న ప్రాంతాలు తెలుగునాట తక్కువ. నూజివీడు వాటిలో ఒకటి. అది జమీందారీ కేంద్రం. మామిడికి పేరుపడ్డ మెట్టసీమ. వీణల తయారీ ఉన్న ఊరు. ఒక సినిమా సంస్థకూ, ఒక విత్తన సంస్థకూ మూలాలున్న ప్రాంతం. 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న పట్టణం. ఇన్ని ఉన్నా సమీపంలోని డెల్టా పట్టణాలతో సమానంగా ఎందుకు పెరగలేదన్నది స్థానికంగా తరచు వినవచ్చే ప్రశ్న. దానికి సాధారణంగా చెప్పే జవాబు ఒక్కటే: "జమీందారీ ప్రాంతం కదా!" ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుందో ముందు చూడాలి.

1. జమీందారీ, నీరు

నూజివీడు సంస్థానం మేకా అప్పారావుల వంశానిది. 1802–03 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు కాలంలో నిడదవోలు ఒక భాగంగా, నూజివీడు మరొక భాగంగా విడిపోయింది. ఆ తర్వాత వారసుల తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. జమీందారీ పెద్దకొడుక్కే దక్కాలా, పంచుకోవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. పంచుకోవచ్చని 1879లో తీర్పు వచ్చింది. పాత సంస్థానం ఎలా ఉన్నా, 1802లో ఈస్టిండియా కంపెనీ ఇచ్చింది కొత్త మంజూరు గనుక అది సాధారణ ఆస్తిలాగే విభాగానికి లోబడుతుందన్నది తీర్పు సారం. ఆ విధంగా ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, మేడూరు మొదలైన శాఖలు ఏర్పడ్డాయి.

ఈ కాలానికి తరచు ఉదహరించే ఆధారం గార్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్. దాన్ని ఉపయోగించేటప్పుడు జాగ్రత్త అవసరం. అది రెవెన్యూ అధికారి రాసిన పుస్తకం కనుక జమీందారు అందులో ప్రధానంగా బకాయిదారుగానే కనిపిస్తాడు. జమీందారీ కుటుంబాల కథనాల్లో అదే వ్యక్తి దాతగా, కళాపోషకుడుగా కనిపిస్తాడు. రైతు గొంతు ఈ రెండింటిలోనూ అరుదు.

ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. ఉయ్యూరు కూడా నూజివీడు జమీందారీ చీలికే. వంశం ఒకటే, సనదు ఒకటే, శిస్తు పద్ధతీ ఒకటే. అయితే 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట కాలువలు ఉయ్యూరు వైపు పారాయి. నూజివీడు ఎర్రనేలల మెట్టకు ఎక్కలేదు. తర్వాతి కాలంలో ఉయ్యూరు చుట్టూ వరి, చెరకు విస్తరించాయి, కె.సి.పి. చక్కెర కర్మాగారం వెలిసింది. నూజివీడు వర్షం మీద, చెరువుల మీద, ఆ తర్వాత బోర్ల మీద ఆధారపడింది. భూస్వామ్యమే వెనుకబాటుకు ఏకైక కారణమైతే ఈ రెండు ఊళ్ల దారులు ఇంతగా వేరుపడకూడదు. కనుక బెనర్జీ–అయ్యర్ల నిర్ధారణ జిల్లా స్థాయిలో సరైనదే కావచ్చు గాని, కృష్ణా వంటి జిల్లా లోపల నీటి ప్రభావాన్నీ భూమి హక్కు ప్రభావాన్నీ అది విడదీయలేదు. జిల్లాను ఒక్క ముద్దగా తీసుకుంటే ఉయ్యూరు, నూజివీడు ఒకే లెక్కలో కలిసిపోతాయి.

2. చెట్టు ఎవరిది?

భూమి హక్కు విషయం నీటితో తేలిపోయిందనుకోవడం కూడా తొందరపాటే. మామిడి ఏడాది పంట కాదు. అంటు నాటిన తర్వాత చెప్పుకోదగ్గ కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. పది మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి దాదాపు 40 చెట్లు పడతాయి. అవి ఒక తరం దాటి కాస్తాయి. కాబట్టి రేపు ఈ భూమి తనదేనన్న ధైర్యం లేని రైతు జొన్న చల్లుతాడు, మామిడి నాటడు. ఈ దృష్టితో చూస్తే మామిడితోట హక్కుల చరిత్రకు కూడా సాక్ష్యమే.

ఈ విషయంలో 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూముల చట్టం కీలకమైనది. జమీందారీ రైతు సాగుహక్కును గుర్తించిన చట్టంగానే దాన్ని సాధారణంగా ప్రస్తావిస్తారు. అందులోని 12వ సెక్షన్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ఆ సెక్షన్ చెట్లకు సంబంధించినది. చట్టం వచ్చిన తర్వాత సాగుహక్కు గల రైతు తన కమతంలో నాటిన చెట్లను అనుభవించే, నరుక్కునే హక్కు అతనిదేననీ, దానికి విరుద్ధమైన ఆచారంగాని ఒప్పందంగాని చెల్లదనీ అది నిర్దేశించింది. అంతకు ముందునుంచీ ఉన్న చెట్ల విషయంలో మాత్రం ఆచారం వల్ల, రాతపూర్వకమైన పాత ఒప్పందాల వల్ల జమీందారుకు మిగిలిన హక్కులను కాపాడింది. అంటే 1908కి ముందున్న చెట్టుకూ, తర్వాత నాటిన చెట్టుకూ చట్టం ముందు తేడా ఏర్పడింది.

నూజివీడు మామిడి పుట్టుక గురించి వినవచ్చే రెండు కథనాలను ఈ వెలుగులో బేరీజు వేయవచ్చు. మేలిరకం తోటలను జమీందార్లు వేయించారని, రైతులు వారిని చూసి నాటారని ఒక కథనం. తోటలను నిజంగా విస్తరించినది రైతులేనని రెండవది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కాకపోవచ్చు. రకాలను తెప్పించడానికి, అంట్లు కట్టించడానికి కావలసిన స్తోమత జమీందారుకు ఉండేది. విస్తరణకు కావలసిన భరోసా మాత్రం చట్టం నుంచి, ఆపైన ఉద్యమం నుంచి వచ్చి ఉండాలి. ఎన్.జి. రంగా తదితరుల నాయకత్వంలో సాగిన జమీందారీ రైతు ఉద్యమం, నేలకు యజమాని రైతేనని తేల్చిన 1938 నాటి ప్రకాశం కమిటీ నివేదిక, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం ఈ క్రమంలోనివి. తోటల విస్తరణ అంతా ఈ చట్టాల ఫలితమేనని చెప్పడానికి వీల్లేదు. లారీ రవాణా, ఉత్తరాది గిరాకీ, బోర్లు కూడా లెక్కలోకి రావాలి. హక్కు లేకుండా ఆ విస్తరణ జరిగేది కాదని చెప్పడం మాత్రం సమంజసమే.

రకాల విషయంలో మరొక చిక్కు ఉంది. నూజివీడు పేరుతో అమ్ముడయ్యే పళ్లలో చిన్నరసం, పెద్దరసం వంటివాటిని ఈ ప్రాంతం తనవిగా చెప్పుకుంటుంది. వ్యాపారంలో పైచేయి బంగినపల్లిది. అది పేరులోనే మరో ఊరిని మోస్తోంది. 2017 మే నెలలో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించింది. దరఖాస్తు చేసినది రాష్ట్ర ఉద్యాన శాఖ. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల ప్రాంతాన్ని ప్రధాన కేంద్రంగా చూపుతూనే, కోస్తాతో పాటు తెలంగాణ జిల్లాలను కూడా సాగు ప్రాంతాలుగా పేర్కొన్నారు. గుర్తింపు ఉంది, అది రైతు సంఘం చేతిలో లేదు. ఈ అంశం మళ్లీ అవసరమవుతుంది.

3. సృజన పుట్టిన చోటు, స్థిరపడిన చోటు

నూజివీడులో సృజన కొరవడిందన్న వాదానికి ఆధారాలు ప్రతికూలంగా ఉన్నాయి.

(అ) సినిమా. మీర్జాపురం రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు మద్రాసులో చిత్ర నిర్మాణ సంస్థను, స్టూడియోను నడిపారు. వాటి పేరు శోభనాచల. నూజివీడు దగ్గరి ఆగిరిపల్లి కొండ మీది దైవం పేరది. 1949లో వచ్చిన 'కీలుగుర్రం' దర్శకుడిగా ఆయన పేరే ఉంది. అదే ఏడాది ఆయన సతీమణి, నటి సి. కృష్ణవేణి నిర్మించిన 'మన దేశం' ద్వారా ఎన్.టి. రామారావు తెరకు వచ్చారు. ఆ నటుడే 1983లో ముఖ్యమంత్రి అయి, 1984 జనవరిలో వంశపారంపర్య కరణాల, మునసబుల వ్యవస్థను రద్దు చేశారు. జమీందారీ పెట్టుబడి చివరికి గ్రామాల్లో పాత అధికారాన్ని కూల్చిందని ఈ వరుసను బట్టి తీర్మానించాలనిపించవచ్చు. అది తగదు. ఒకదాని తర్వాత ఒకటి జరగడం కార్యకారణం కాదు. ఇంతకంటే సూటి ఆధారం 1939 నాటి 'రైతుబిడ్డ'. జమీందారీని ఎదిరించే ఆ చిత్రాన్ని తీసిన సారథి సంస్థకు చల్లపల్లి జమీందారు అండ ఉండడం విశేషం. దానిపై వేంకటగిరి, బొబ్బిలి జమీందార్ల అభ్యంతరాల గురించి, దాని నిషేధం గురించి సినీ చరిత్రకారులు రాశారు. నిషేధం పరిధిపై వారి కథనాలు ఒకటిగా లేవు. జమీందార్లందరినీ ఒకే గాటన కట్టలేమన్నది మాత్రం దీనివల్ల స్పష్టం.

(ఆ) వీణ. పనస కర్రతో వీణలు చేసే పనివారు నూజివీడులో ఉన్నారు, వారిలో ముస్లిం కుటుంబాలున్నాయి. మైనం మీద 24 మెట్లు శ్రుతికి కూర్చడం ఏ కళాశాలా నేర్పని విద్య. ఫ్లోరిడా చెప్పే ప్రతిభ, సాంకేతికత, సహనశీలత మూడూ ఈ చిన్న పనిగదుల్లో కనిపిస్తాయి. అయినా వాటి చుట్టూ నగరం పెరగలేదు.

(ఇ) విత్తనం. 1973లో వ్యవసాయ శాస్త్రవేత్త మండవ వెంకట్రామయ్య స్థాపించిన నూజివీడు సీడ్స్ దేశంలోని పెద్ద పత్తి విత్తన సంస్థల్లో ఒకటైంది. సంస్థ ప్రధాన కేంద్రం ఇప్పుడు హైదరాబాదు. బీటీ పత్తి పేటెంటుపై మోన్‌శాంటోతో దానికి వచ్చిన వివాదాన్ని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తిరిగి విచారణకు పంపింది. న్యాయగ్రంథాల్లో నూజివీడు పేరు ఇలా రెండు ప్రధాన వివాదాల్లో కనిపిస్తుంది: 1879లో భూమి ఎవరిదని, 2019లో విత్తనంలోని జన్యువు ఎవరిదని.

(ఈ) చదువు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి నూజివీడు ట్రిపుల్ ఐటీ ఒక ప్రాంగణం. ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్ రెడ్డి దాని తొలి కులపతి. పదో తరగతి మార్కులే ప్రవేశానికి కొలమానం. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. గ్రామీణ ప్రతిభను ఇంత పెద్ద ఎత్తున ఒకచోట చేర్చిన ప్రయత్నం తెలుగునాట మరొకటి లేదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే ఆ పట్టాలకు తగిన ఉద్యోగాలు హైదరాబాదు, బెంగళూరుల్లోనే ఎక్కువ.

ఈ నాలుగింటిలో వీణను పక్కన పెడితే, మిగిలిన మూడింటి ఫలితం స్థిరపడినది మద్రాసులో, హైదరాబాదులో, ఇతర నగరాల్లో.

4. ఓటు ఉన్నచోటు, లేనిచోటు

ఎన్నికల ప్రజాస్వామ్యం బలహీనంగా ఉందని చెప్పడానికి ఆధారం లేదు. సంస్థాన వంశీకులు ఓటు ద్వారానే శాసనసభకు వెళ్లారు. ఎం.ఆర్. అప్పారావు మంత్రిగా, ఆ తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. మేకా వెంకట ప్రతాప్ అప్పారావు 2004, 2014, 2019లో గెలిచారు. 2009లో చిన్నం రామకోటయ్య, 2024లో కొలుసు పార్థసారథి గెలిచారు. వంశం కొనసాగడం, ఓటరు దాన్ని మార్చగలగడం రెండూ ఒకే పట్టికలో ఉన్నాయి.

ఓటు లేనిది మామిడికాయ ధర దగ్గర. నూజివీడు సీమలో సాధారణంగా తోట పూత మీదో పిందె మీదో వ్యాపారికి పోతుంది. అడ్వాన్సు ముడుతుంది. చాలా ఒప్పందాలు నోటిమాట మీదే నడుస్తాయి. తేనెమంచు పురుగు పడినా, ఈదురుగాలికి కాయ రాలినా ముందు అనుకున్న మొత్తంలో కోత పడే అవకాశం ఉంది. ధర పెరిగితే ఆ మేరకు రైతుకు చేరే ఏర్పాటు అరుదు. ఆపైన విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టు, కమీషన్ ఏజెంట్లు, ఉత్తరాది కొనుగోలుదారులు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద పనిచేసే కమిటీల పాలకవర్గాలను రైతులు ఎన్నుకోరు, ప్రభుత్వం నియమిస్తుంది. సర్పంచిని, శాసనసభ్యుడిని ఎన్నుకునే రైతుకు తన పంట అమ్ముడయ్యే చోటి పాలకవర్గంపై ఓటు లేదు.

పాడితో పోల్చితే తేడా తెలుస్తుంది. ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే పాల ఉత్పత్తిదారులు గ్రామ సంఘాలుగా ఏర్పడి, జిల్లా యూనియన్ ద్వారా 'విజయ' పేరుతో అమ్ముతున్నారు. పాలు పోసేవాడికి సంఘంలో ఓటు ఉంది. ఇక్కడొక అభ్యంతరాన్ని పరిగణించాలి: పాలు రోజూ వస్తాయి, మామిడి ఏడాదికొకసారి, అదీ ఒక ఏడు కాసి మరో ఏడు తగ్గుతుంది, కనుక సంఘం నడపడం కష్టం. ఈ అభ్యంతరం బలమైనదే. కానీ అది సంఘం కష్టమని చెబుతుందే తప్ప, మార్కెట్ కమిటీకి ఎన్నిక ఎందుకు లేదో చెప్పదు.

ఇంతవరకు చూసిన ఆధారాలను బట్టి, పరిమితమైన ఒక నిర్ధారణ చేయవచ్చు. నూజివీడు వెనుకబాటుకు జమీందారీ ఒక్కటే కారణమన్నది ఉయ్యూరు పోలిక ముందు నిలవదు. సృజన లేకపోవడం కారణమన్నది అసలే నిలవదు. చెట్టుపై హక్కు చట్టబద్ధంగా దొరికిన చోట తోట నిలిచింది. ధరపై, పేరుపై, మార్కెట్టుపై మాట దక్కని చోట లాభం తరలిపోయింది. కలిసి పనిచేసే అలవాటు గురించిన పట్నమ్ వాదం నూజివీడుకు ఎక్కువగా వర్తించేది ఇక్కడే. మార్కెట్ కమిటీలకు ఎన్నికలు, తోట గుత్తలకు రాతపూర్వక ఒప్పందం అన్న రెండు మార్పులతో అన్నీ చక్కబడతాయని అనలేము గాని, మొదలుపెట్టదగినవి అవే.

మెట్ట గ్రామాల పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో జమీందారీ కాలపు శిస్తు రసీదులు, చెట్ల తగాదాల కాగితాలు, పాత తోట గుత్త చీటీలు ఉంటే పారవేయవద్దు. పట్టణంలోని కళాశాల గ్రంథాలయానికో, ట్రిపుల్ ఐటీకో కనీసం నకళ్లు ఇవ్వండి. రైతు వైపు నుంచి ఈ చరిత్ర రాయడానికి పనికొచ్చేవి అవే.