దూబగుంట ఆడవాళ్లు మూయించిన సారా కొట్లు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో పొద్దుగూకితే జనం చేరే చోట్లు రెండు. మగవాళ్లు సారా కొట్టుకు వెళ్లేవారు. అక్షరాస్యత ఉద్యమం పుణ్యమా అని ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లేవారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారోగ్యం కోసం జరిగిన ఒక పెద్ద పోరాటం ఆ రాత్రి బడిలోనే మొదలైంది.

సారా పాతదే. దాన్ని గడప దాకా తెచ్చింది మాత్రం 1980లలో వచ్చిన వారుణి వాహిని పథకం. ప్రభుత్వమే సారాను చిన్న పాలిథీన్ పొట్లాల్లో సరఫరా చేయించింది. వేలంపాటలో ఎక్కువ సొమ్ముకు కొట్లు పాడుకున్న కాంట్రాక్టర్లు ఆ సొమ్ము రాబట్టుకోవడానికి ఊరూరా పొట్లాలు పంచారు, అప్పు కూడా ఇచ్చారు. ఖజానా నిండేకొద్దీ కూలీల ఇళ్లలో బియ్యం కుండలు ఖాళీ అయ్యాయి.

చౌక సారా చేసే హాని తిండితో ముడిపడి ఉంటుంది. సారా కడుపులో మంట పుట్టించి ఆకలిని చంపుతుంది. అందులో శక్తి ఉన్నా మాంసకృత్తులు, విటమిన్లు లేవు. అన్నం మానేసి తాగేవాడికి బి1 విటమిన్ లోపించి నరాలు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. కాలేయానికి మొదట కొవ్వు పడుతుంది, తర్వాత వాపు వస్తుంది, చివరికి అది గట్టిపడి పనిచేయడం మానేస్తుంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఇంతా చేసి జబ్బు తాగినవాడితో ఆగదు. కూలి డబ్బు కొట్టులో పోతే పిల్లలకు పప్పు ఉండదు, అందరికన్నా చివర తినే ఇల్లాలికి గంజి కూడా మిగలదు.

ఈ లెక్క ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీతమ్మ అనే ఆడమనిషి కథను రాత్రి బడి వాచకంలో చదివినప్పుడు అది తమ కథేనని వాళ్లకు అనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు. ఆ ఊరి ముచ్చట 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై మిగతా రాత్రి బడులకు చేరింది. 1992లో జిల్లా అంతటా చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు కొట్లకు అడ్డం పడ్డారు. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి.

ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధాన్ని వాగ్దానం చేసి గెలిచారు, 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. రెండేళ్లు తిరిగాక, 1997లో ఆదాయం పోతోందంటూ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారాపై నిషేధం మాత్రం మిగిలింది.

పొట్లం పోయినా చౌకదనం పోలేదు. చీప్ లిక్కర్ క్వార్టర్ సీసాల్లోకి మారింది, కొట్టు లైసెన్సు లేని బెల్టు షాపైంది. ధర పెంచడం, అమ్మే చోట్లు, వేళలు తగ్గించడం, ప్రకటనలు ఆపడం మద్యం హానిని తగ్గిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీటిలో ధర ఒక్కటే పెంచితే ఆ భారం కూడా ఇంటి బియ్యం డబ్బు మీదే పడుతుంది, లేదా తాగేవాణ్ణి నాటుసారా వైపు తోస్తుంది. అందుకే అమ్మకాన్ని ఇంటికి దూరం చేయడం, తాగుడు మానాలనుకునేవారికి మండల ఆసుపత్రిలోనే చికిత్స ఇవ్వడం కూడా కలిసి జరగాలి.

మద్యం రాబడిని బడ్జెట్‌లో చూపే ప్రభుత్వాలు పాడైన కాలేయాలకు, తండ్రి లేని పిల్లలకు అయ్యే ఖర్చును కూడా ఆ పక్కనే చూపాలి. మీ వీధిలో బెల్టు షాపు ఉంటే గ్రామసభలో నిలబడి దాని గురించి అడగండి. దూబగుంట ఆడవాళ్లకు అప్పుడప్పుడే చదవడం వచ్చింది, అయినా వాళ్లు అడిగారు.