ఈ ఏవగింపు ఎక్కడిది?



మగవాడు మగవాణ్ణి, స్త్రీ స్త్రీని ప్రేమించడమనే మాట చెవిన పడగానే మనలో చాలామంది ముఖం తిప్పేసుకుంటాం. "ఇదంతా పడమటి దేశాల జాడ్యం, మన పెద్దలెరగరు" అని తేల్చేస్తాం. చరిత్ర పుటలు తిరగేస్తే కథ ఇంచుమించు తారుమారుగా కనబడుతుంది.

మన పెద్దలు ఎరగనిదేమీ కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాలలో 'తృతీయా ప్రకృతి' అని పేరు పెట్టి మరీ ఈ సంగతి రాశాడు. మనుస్మృతి దీన్ని మెచ్చలేదు. అయినా మగవారి విషయంలో కట్టుబట్టలతో స్నానం చేస్తే తీరిపోయే ప్రాయశ్చిత్తంతో సరిపెట్టింది. స్త్రీల విషయంలో మాత్రం కఠిన శిక్షలే చెప్పింది. అక్కడా మనకే ఎక్కువ వడ్డించారన్నమాట! ఏమైనా, మెచ్చకపోవడం వేరు, మెడకు ఉరి బిగించడం వేరు గదా.

ఆ ఉరి ఇంగ్లండు చట్టంలోది. చర్చి పాపమన్న దాన్ని ఎనిమిదవ హెన్రీ రాజు 1533లో నేరంగా మార్చి మరణదండన విధించాడు. అక్కడ ఈ నేరానికి చివరిసారిగా 1835లో ఇద్దరిని లండనులో ఉరితీశారు. మెకాలే ముసాయిదాతో మొదలైన మన శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. అందులో 377వ సెక్షను దీన్ని ప్రకృతి విరుద్ధమంది, యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చునంది. ఇద్దరూ ఇష్టపడ్డారా లేదా అన్న ప్రశ్నే లేదు. బర్మాకు, మలయాకు, సింగపూరుకు కూడా అదే నంబరుతో అదే సెక్షను వెళ్లింది. హిజ్రాల సంగతి వేరుగాని, వారిమీద చూపూ ఇలాంటిదే. వారి పేర్లు రిజిస్టరుకెక్కించమన్న హైదరాబాదు సంస్థానపు 1919 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గాని కొట్టివేయలేదు.

పాపం నేరమయింది. ఆ తర్వాత వైద్యులు వచ్చి దాన్ని జబ్బన్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తమ జబ్బుల జాబితాలోంచి తీసేశాక కూడా ఆ మాట మన నోళ్లలో మిగిలిపోయింది.

విచిత్రమేమంటే, ఇంగ్లండు తన చట్టాన్ని 1967లోనే సడలించుకుంది. పొరుగింటివారు పారేసిన పాత సామానును మన అటకమీద భద్రం చేసినట్టు మనం మాత్రం దాచుకున్నాం. ఢిల్లీ హైకోర్టు 2009లో ఇష్టపడిన పెద్దవాళ్లకు ఆ సెక్షను వర్తించదంది. సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును తిరగదోడింది. చివరకు 2018 సెప్టెంబరు 6న తానే అది నేరం కాదని తేల్చింది. పెళ్లికి మాత్రం చట్టపు గుర్తింపు లేదని 2023లో చెప్పింది.

అయితే, నెపమంతా దొరలమీదకు తోసేస్తే సరిపోదు. వంశం నిలవాలి, ఆస్తికి వారసుడుండాలి, పిండం పెట్టేవాడుండాలి అనే తాపత్రయం మనదే. ఆ లెక్కలో ఇమడనివారిని మనం ఎన్నడూ ఆదరించలేదు. సంతానం కలగని ఇల్లాలిని ఎన్ని మాటలన్నామో మనకు తెలియదా? ఆ చూపే ఇటూ తిరిగింది. చట్టం దానికి లాఠీ అందించింది.

కొడుకు ధోరణి తెలిసినా, "మూడు ముళ్లు పడితే వాడే దారికొస్తాడు" అనే తల్లిదండ్రులు లేకపోలేదు. వాడు దారికి రాడు. అది రోగం కాదు కుదరడానికి. వచ్చిన కోడలు తన అందంలోనో, తన నడతలోనో లోపముందేమోనని ఏళ్ల తరబడి కుమిలిపోతుంది. చుట్టుపక్కలవారూ ఆ పిల్లనే అంటారు. పరువు కోసం రెండు జీవితాలు బలి అవుతాయి. కూతురి విషయమైతే, ఆమె మనసేమిటని అడిగేవారే ఉండరు.

కోర్టు పుస్తకంలోంచి ఒక సెక్షనును తీయగలదు. ఇంట్లో ఉన్న భయాన్ని తీయవలసింది మనమే. మన బిడ్డ ఎప్పుడైనా ధైర్యం చేసి, "అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి" అంటే, చెంప ఛెళ్లుమనిపించకుండా ఆ మాట చివరిదాకా వినగలమా? సోదరీమణులు ఆలోచించాలి.