విదేశీ ఉద్యోగంలో వార్షిక సెలవు: ఏ దేశపు చట్టం వర్తిస్తుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, తాల్‌బగీచాలో గాని ఇతర పేటల్లో గాని నివసించే తెలుగు రైల్వే కుటుంబాలకు సెలవుల లెక్క కొత్తది కాదు. రైల్వే ఉద్యోగి ఖాతాలో సగటు వేతన సెలవు, వాడుకలో ‘ఎల్‌ఏపీ’, జనవరి 1న 15 రోజులు, జూలై 1న 15 రోజులు జమ అవుతుంది. వాడుకోని సెలవు ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పదవీ విరమణ నాటికి గరిష్ఠంగా 300 రోజులకు నగదు లభిస్తుంది. ఊరికి వెళ్లడానికి పాసు సరేసరి. ఈ లెక్కతో పెరిగిన తరం గల్ఫ్‌కో సింగపూర్‌కో ఉద్యోగానికి వెళ్లినప్పుడు, అక్కడి సెలవు కూడా ఇలాగే ఉంటుందనుకోవడం సహజమే. కానీ విదేశంలోని యజమాని వద్ద పనిచేసే వ్యక్తికి భారతీయ సెలవు నిబంధనలు వర్తించవు. పనిచేసే దేశపు కార్మిక చట్టం కనీస హక్కును నిర్ణయిస్తుంది. ఒప్పందం అంతకు మించి ఇవ్వవచ్చు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగికి 30 రోజుల సెలవు లభిస్తుంది. ఆరు నెలలు దాటి ఏడాది నిండనివారికి నెలకు రెండు రోజుల చొప్పున లెక్కిస్తారు. చూడటానికి ఇది రైల్వేలోని 30 రోజులతో సమానమే. తేడా వివరాల్లో ఉంది. సెలవు మధ్యలో వచ్చే పండుగ దినాలు, ఒప్పందంలో మెరుగైన నిబంధన లేకపోతే, సెలవులోనే కలిసిపోతాయి. మరుసటి ఏడాదికి సాధారణంగా సగానికి మించి బదిలీ కాదు. ఉద్యోగం ముగిసినప్పుడు మిగిలిన రోజులకు చెల్లించే సొమ్మును మూలవేతనంపైనే లెక్కిస్తారు. అందుకే మొత్తం జీతం ఎంత ఉన్నా, ఒప్పందంలో మూలవేతనం ఎంత రాశారన్నది ముందే చూసుకోవాలి. సెలవు తేదీలను నిర్ణయించే అధికారం యజమానిదే అయినా, కనీసం నెల ముందు తెలియజేయాలి.

సౌదీ అరేబియాలో కనీస సెలవు 21 రోజులు. వరుసగా ఐదేళ్లు ఒకే యజమాని వద్ద పనిచేస్తే 30. సెలవు వేతనాన్ని ముందుగానే చెల్లించాలి. ఖతర్‌లో ఐదేళ్లలోపు వారికి మూడు వారాలు, ఆపై నాలుగు. కువైట్‌లో 30 రోజులు, మధ్యలో వచ్చే ప్రభుత్వ సెలవుదినాలను అందులో లెక్కించరు. ఇళ్లలో పనిచేసేవారికి ఈ దేశాల్లో ప్రత్యేక చట్టాలు లేదా నిబంధనలు ఉన్నందున పై అంకెలను వారికి అన్వయించరాదు.

సింగపూర్‌లో మూడు నెలల సర్వీసు తర్వాత హక్కు మొదలవుతుంది. తొలి ఏడాదికి 7 రోజులు, ఏటా ఒక్కొక్కటి పెరిగి 14కు చేరుతుంది. బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి 28 రోజులు. అమెరికాలో వేతనంతో కూడిన సెలవును ప్రైవేటు ఉద్యోగులకు తప్పనిసరి చేసే సమాఖ్య చట్టమే లేదు, సంస్థ ఇచ్చినంతే.

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. స్వదేశంలో పెళ్లి పనులో, తల్లిదండ్రుల అనారోగ్యమో అడ్డొచ్చి సెలవు దాటిపోవడం సాధారణంగా జరిగేదే. రైల్వేలో వైద్య ధ్రువపత్రంతో సర్దుబాటు అయ్యే వ్యవహారం గల్ఫ్‌లో ఉద్యోగాన్నే పోగొట్టవచ్చు. సరైన కారణం లేకుండా ఎమిరేట్స్‌లో వరుసగా ఏడు రోజులకు మించి, సౌదీలో లిఖితపూర్వక హెచ్చరిక తర్వాత 15 రోజులకు మించి గైర్హాజరైతే యజమాని తొలగించవచ్చు. ఆరు నెలలకు మించి ఎమిరేట్స్ వెలుపల ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, నివాస వీసా చెల్లదు. సెలవు పొడిగింపును ఫోనులో అడిగి ఊరుకోకుండా, లిఖితపూర్వకంగా కోరి, జవాబును భద్రపరచుకోవడం అవసరం.

విమాన టికెట్టు ఎవరిదన్నది చాలా చోట్ల ఒప్పందమే తేలుస్తుంది. ఏటా ఇస్తారా, రెండేళ్లకొకసారా, కుటుంబానికీ వర్తిస్తుందా అన్నది అందులో రాసి ఉండాలి. ఏజెంటు నోటిమాట చెల్లదు. సెలవు వేతనం నిలిపివేస్తే మొదట ఆ దేశపు కార్మిక శాఖకు, అవసరమైతే భారత రాయబార కార్యాలయానికి లేదా విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పందం ప్రతి, జీతపు చీటీలు, సెలవు దరఖాస్తు నకళ్లు చేతిలో ఉంచుకోవాలి.